అమ్మ గది దాకా ఇంటర్నెట్టు



పోయిన నెల మన ఆదివారం తెలుగు క్లాసులో మా అమ్మ పిల్లలతో మాట్లాడింది చూసి చాలామంది ఫోన్ చేశారు. సగం మంది అమ్మ ఆరోగ్యం అడిగారు. మిగతా సగం మంది అడిగింది వేరే. "ఆ పాత ఇంట్లో, వెనక గదిలో మీకు సిగ్నల్ ఎట్లా వస్తా ఉంది? మా ఇంట్లో పటసాల దాటితే చక్రం తిరుగుతా ఉండిపోతుంది" అని. ఒక్కొక్కరికి విడిగా చెప్పేదానికన్నా ఇక్కడ ఒకసారి రాస్తే అందరికీ పనికొస్తుందని కూర్చున్నాను. పొడుగ్గానే ఉంటుంది. కాఫీ పెట్టుకొని చదవండి.

నరికుడిలో మా ఇల్లు మీలో కొందరు చూసిందే. మా తాత కట్టించిన మిద్దె. వీధి వైపు అరుగు, దాని వెనక పటసాల, తర్వాత నడిల్లు, తర్వాత వంటిల్లు, అన్నిటికీ చివర దొడ్డిలోకి తలుపున్న గది. రైలు పెట్టెల మాదిరి ఒకదాని వెనక ఒకటి. వీధి తలుపు నుంచి దొడ్డి తలుపు దాకా 70 అడుగులకు తక్కువ ఉండదు. గోడలు రెండడుగుల మందం, గానుగ సున్నంతో కట్టినవి. మన కరిసల్ నేల మీద పాత ఇళ్ళన్నీ అంతే కదా. కత్తిరి ఎండల్లో బయట నిలబడలేకపోయినా నడిల్లు చల్లగా ఉంటుంది. ఎండను ఆపే ఆ గోడే వైఫైని కూడా ఆపుతుంది. తాతను తప్పు పట్టలేం.

ఫైబర్ తీగ వీధి స్తంభం నుంచి వస్తుంది కాబట్టి రౌటర్ పటసాలలో పెట్టి పోయారు. పక్కన నిలబడి చూస్తే 90 మెగాబిట్లు దాటి చూపిస్తుంది. నడిల్లు లోకి వస్తే 18. వంటింట్లో 3. అమ్మ గదిలో ఏమీ లేదు. ఫోను సిగ్నలు కూడా దొడ్డి తలుపు తీసి వేపచెట్టు కిందికి పోతేనే.

అమ్మకు 88 ఏళ్ళు. తుంటి ఎముక విరిగి ఆపరేషన్ అయి రెండేళ్ళయింది. వాకర్ పట్టుకొని మంచం నుంచి దొడ్డి తలుపు దాకా, అక్కడి నుంచి బాత్‌రూము దాకా నడుస్తుంది. అంతే ఆమె లోకం. చెన్నైలో ఉన్న మనవరాలు, అంటే మా అమ్మాయి కూతురు, నాలుగో క్లాసు చదువుతుంది. దానికి వాళ్ళ జేజితో మాట్లాడాలని ఉంటుంది. ఫోను పట్టుకొని నేను వెనక గదికి పోతే బొమ్మ నిలబడిపోతుంది. "తాతా, జేజి ఫ్రీజ్ అయిపోయింది" అంటుంది. ఎనభై ఎనిమిదేళ్ళ మనిషి గురించి ఆ మాట వినడం నాకు బాగుండదు.

పిల్లలందరూ కలిసి ఒక ఉపాయం చెప్పారు. జేజి మంచం పటసాలలోకి మార్చేద్దాం, రౌటర్ పక్కనే ఉంటుంది, పని అయిపోతుంది అని. అమ్మ వింటానే ఉండి, "నన్ను తీసుకొనొచ్చి పటసాలలో ఏస్తే పోయేవాళ్ళూ వచ్చేవాళ్ళూ నన్ను చూసి పోతా ఉంటారు. నేనేమన్నా కొలువు బొమ్మనా?" అంది. తర్వాత నన్ను ఒక్కణ్ణే పిలిచి, "దానికి ఇంకా టైము ఉండాదిలే రా" అని చిన్నగా నవ్వింది. మన ఇళ్ళలో ముసలివాళ్ళ మంచం ఏ రోజు పటసాలకు వస్తుందో మీకు చెప్పనక్కర్లేదు. ఆ మాట తర్వాత మంచం మార్చే సంగతి నేను మళ్ళీ ఎత్తలేదు. ఇంక ఇంటర్నెట్టే అక్కడికి పోవాలి.

ముందు మామూలుగా అందరూ చేసేవి చేశాం. కనెక్షన్ ఇచ్చిన కంపెనీ కుర్రాడిని అడిగితే వెనక గదికి ఇంకో కనెక్షన్ తీసుకోమన్నాడు. ఒకే ఇంటికి నెలనెలా రెండు బిల్లులు! మా తమ్ముడి కొడుకు రిపీటర్ తెచ్చి నడింట్లో పెట్టాడు. తలుపులన్నీ వరసగా తెరిచిపెడితే వచ్చేది, వంటింటి తలుపు మూస్తే పోయేది. రిపీటర్ తను అందుకున్నదే తిరిగి పలుకుతుంది. దానికి వినిపించేదే సగమైతే అవతలికి పోయేది అందులో సగం. మెష్ అని ఖరీదైన రకం ఉంది, కొత్త ఇళ్ళలో బాగా పనిచేస్తుంది. అది కూడా గోడలు దాటి గాలిలోనే మాట్లాడాలి, రెండడుగుల గోడలు మూడు దాటాలంటే దానికీ కష్టమే.

లాన్ కేబుల్ లాగడం అన్నిటికన్నా మంచి దారి. ఇది ముందే చెప్తున్నాను, ఎందుకంటే కింద రాసేది చదివి కేబుల్ లాగగలిగిన వాళ్ళు కూడా అడాప్టర్లు కొనుక్కోకూడదు. 100 మీటర్ల దాకా కేబుల్‌లో వేగం తగ్గదు. మీ ఇంట్లో పైపు ఖాళీ ఉన్నా, గోడకు చిల్లు వేయగలిగినా కేబులే లాగండి. మా ఇంట్లో ఆ సున్నపు గోడలకు మూడు చోట్ల డ్రిల్లు పెట్టడానికి మేస్త్రీ భయపడ్డాడు, పెచ్చులు ఊడితే అతకవని. మిద్దె మీదుగా లాగితే మన ఎండకు ప్లాస్టిక్ తోలు రెండు మూడేళ్ళలో పెళుసెక్కుతుంది, ఉడతలు వదలవు. అన్నిటికన్నా, ఐప్పసి వానల్లో పిడుగులు పడేటప్పుడు మిద్దె మీద 70 అడుగుల రాగి తీగ పరిచి రెండు చివరలూ ఇంట్లో పెట్టుకోవడం నాకు ఇష్టం లేదు.

అప్పుడు నాకు పాత ఉద్యోగం గుర్తొచ్చింది.

మీలో చాలామందికి తెలుసు, నేను విద్యుత్ బోర్డులో సబ్‌స్టేషన్ ఆపరేటరుగా పనిచేసి రిటైర్ అయినవాణ్ణి. ఉద్యోగంలో చేరిన కొత్తలో మా కంట్రోల్ రూములో ఒక నల్ల టెలిఫోను ఉండేది. అది టెలిఫోన్ శాఖ వాళ్ళది కాదు. బయట స్తంభానికి పోయే టెలిఫోన్ తీగే దానికి లేదు. అయినా ఎత్తితే అవతల ఇంకో సబ్‌స్టేషన్ ఆపరేటరు పలికేవాడు. ఆ మాట వచ్చేది లక్షా పదివేల వోల్టుల కరెంటు పోయే తీగ మీదే! పవర్ లైన్ క్యారియర్ అంటారు దాన్ని. కరెంటు సెకనుకు 50 సార్లు ఊగుతుంది. మాటను సెకనుకు వేలు, లక్షల సార్లు ఊగే అలగా మార్చి అదే తీగ మీద ఎక్కిస్తారు. అవతల చివర వడకట్టి దించుకుంటారు. పెద్ద సబ్‌స్టేషన్ల పక్కగా పోతుంటే పైన తీగకు డ్రమ్ము మాదిరి గుండ్రంగా వేలాడే తీగచుట్ట కనిపిస్తుంది, చూశారా? అదే వేవ్ ట్రాప్. కరెంటును పోనిస్తుంది, మాటను సబ్‌స్టేషన్ లోపలికి పోయి చెదిరిపోకుండా ఆపుతుంది. ఈ కాలంలో టవర్ల మీద పోయే ఎర్తు తీగ లోపలే ఫైబర్ పెట్టేస్తున్నారు కాబట్టి ఆ ఫోన్ల అవసరం తగ్గింది. ఆ ఫోనులో ఎప్పుడూ వాన పడుతున్నట్టు ఒక హోరు ఉండేది. రాత్రి డ్యూటీలో దాన్ని చెవి దగ్గర పెట్టుకొని అవతలివాడితో ఊరి కబుర్లు చెప్పుకున్న రోజులున్నాయి. ఇప్పుడు చెప్పినా ఎవరూ మెమో ఇవ్వరు కాబట్టి రాస్తున్నాను.

అదే పద్ధతి ఇంటి లోపలికి వస్తే దాని పేరు పవర్‌లైన్ అడాప్టర్. జతగా అమ్ముతారు. చూడటానికి కాస్త పెద్ద ఫోను చార్జర్ మాదిరి ఉంటుంది. ఒకటి రౌటర్ పక్కన గోడ ప్లగ్గులో పెట్టి, చిన్న లాన్ తీగతో రౌటర్‌కు కలపాలి. రెండోది ఇంటర్నెట్టు కావలసిన గదిలో ప్లగ్గులో పెట్టాలి. రెండో దానిలోనే వైఫై ఇచ్చే రకం ఉంటుంది, ముసలివాళ్ళ గదికి అదే తీసుకోండి. మధ్యలో కొత్త తీగ ఏదీ లేదు. మీ తాతో నాయనో గోడల్లో వేయించిపెట్టిన కరెంటు తీగే దారి. మొదట 14 మెగాబిట్ల రకం 2001లో వచ్చింది. 2005లో 200 రకం, 2010లో దీనికి ఐఇఇఇ వాళ్ళ ప్రమాణం కూడా. అంటే ఇది కొత్త వింత కాదు, మన వైపు ఎక్కువమందికి తెలియదు, అంతే.

ఈ అడాప్టర్లు వాడే అల సెకనుకు 20 లక్షల సార్ల నుంచి దాదాపు 3 కోట్ల సార్ల దాకా ఊగుతుంది. కొత్త రకాలు అంతకన్నా పైకి కూడా పోతాయి. ఆ వెడల్పును వందల కొద్దీ సన్న దారులుగా చీల్చుకొని ఒక్కో దారిలో కొంచెం కొంచెం సమాచారం పంపుతాయి. ఏ దారిలో గోల ఎక్కువగా ఉంటే అందులో తక్కువ పంపి, శుభ్రంగా ఉన్నదానిలో ఎక్కువ పంపుతాయి. అందుకే ఇది "వస్తుంది, రాదు" అనే లెక్క కాదు. మీ ఇంటి తీగ ఎంత శుభ్రంగా ఉంటే అంత వస్తుంది.

ఇక్కడ ఒక మాట. ఆంధ్రాలో ఉన్న మన చుట్టాలకు చెప్తే, "మాకూ కరెంటు స్తంభాల మీదే వస్తుంది కదా" అంటారు. అది వేరు. అక్కడ స్టేట్ ఫైబర్‌నెట్ వాళ్ళు స్తంభాలను ఆసరాగా వాడుకొని వాటి మీద ఫైబర్ తీగ లాగారు. సమాచారం పోయేది ఆ ఫైబర్‌లోనే, కరెంటు తీగలో కాదు. ఊరు ఊరంతటికీ కరెంటు తీగలోనే ఇంటర్నెట్టు ఇద్దామని చూసినవాళ్ళూ ఉన్నారు. అమెరికాలో వర్జీనియా రాష్ట్రంలోని మనాసస్ ఊళ్ళో కొన్నేళ్ళు నడిపి 2010లో ఆపేశారు. బయట పొడుగు తీగల మీద, ట్రాన్స్‌ఫార్మర్లు దాటుకుంటూ ఇంత వేగమైన అలను తోయడం గిట్టుబాటు కాదు. ఇంటి లోపల మాత్రం బాగా కుదిరింది. ఎలక్ట్రిక్ కారును ఫాస్ట్ చార్జర్‌కు తగిలించినప్పుడు బండీ చార్జరూ మాట్లాడుకునేది కూడా ఈ కుటుంబంలోని పద్ధతితోనే.

సరే, మా ఇంటికి వద్దాం. ఆన్‌లైన్‌లో తెప్పించిన జత, నాలుగు వేల పైచిల్లర. డబ్బా మీద 600 అని పెద్ద అంకె. దాన్ని నమ్మకండి. అది తీగ మీద రెండు పెట్టెలూ అన్ని దారుల్లో కలిపి మాట్లాడుకునే లెక్క. మా పెట్టెకు ఉన్న లాన్ పోర్టే 100కు మించి ఇవ్వలేదు. మంచి తీగ ఉన్న ఇంట్లో డబ్బా అంకెలో మూడో వంతు వస్తే సంతోషించాలి, పాత ఇంట్లో పదో వంతు కూడా రాకపోవచ్చు. అయితే మనిషి మొహం చూసి మాట్లాడటానికి రెండు మూడు మెగాబిట్లు తెంపు లేకుండా వస్తే చాలు. ఆ తెంపు లేకపోవడమే కావలసింది.

మొదట రెండూ పటసాలలోనే రెండు ప్లగ్గుల్లో పెట్టి జత బటన్లు నొక్కాను. ఆ బటన్‌ను తేలిగ్గా తీసుకోకండి. ఒకే ట్రాన్స్‌ఫార్మర్ మీద ఉన్న పక్కింటికి మీ సిగ్నల్ కొంచెం జారే అవకాశం ఉంది. బటన్ నొక్కితే రెండు పెట్టెల మధ్య తాళం పడుతుంది, పక్కింటివాళ్ళు అదే రకం పెట్టె కొన్నా మీ సంగతి వాళ్ళకు అర్థం కాదు. ఆ తర్వాత రెండోదాన్ని అమ్మ గదికి తీసుకుపోయాను. ఎర్ర దీపం. అంటే దారి ఉంది గానీ చాలా ఇరుకు. 4 మెగాబిట్లు వచ్చి, మోటరు వేయగానే పోయింది.

నేను ఎదురుచూసింది అదే. మాది త్రీ ఫేజ్ కనెక్షన్. మన ఊళ్ళలో బోరు మోటరు ఉన్న పెద్ద ఇళ్ళకు చాలావాటికి అంతే. పటసాల, నడిల్లు ఒక ఫేజు మీద, వంటిల్లు ఇంకోదాని మీద, తర్వాత వైరింగ్ చేయించిన వెనక గది మూడోదాని మీద ఉన్నాయి. మూడు తీగలూ మీటరు పెట్టె దగ్గర తప్ప ఎక్కడా కలవవు. సిగ్నల్ ఒక ఫేజు నుంచి ఇంకోదానికి పోవాలంటే పక్కపక్కన పోయే తీగల మధ్య దూకాలి. దూకుతుంది గానీ చాలా నష్టపోతుంది. "మా ఇంట్లో పెట్టాం, పనిచేయలేదు" అని దీన్ని అటక మీద పడేసేవాళ్ళలో చాలామంది కథ ఇదే అయి ఉంటుంది.

దీనికి మన ఇళ్ళలోనే ఒక మందు ఉంది, ఆ పెట్టెతో వచ్చే పుస్తకాల్లో నాకు కనబడలేదు. ఇన్వర్టరు! మనం యూపీఎస్ అంటాం కదా, అదే. కరెంటు కోతల రోజుల్లో మన ఊళ్ళలో ఇంటింటా పెట్టించుకున్నాం. ప్రతి గదిలో ఒక ఫ్యానూ ఒక లైటూ తిరగాలని ఇన్వర్టరు నుంచి ఒకే తీగ పటసాల మొదలు దొడ్డి గది దాకా లాగి ఉంటారు. ఇల్లు మూడు ఫేజులైనా ఆ తీగ ఒకటే ఫేజు! రెండు అడాప్టర్లనూ ఆ తీగ మీద ఉన్న ప్లగ్గుల్లో పెడితే ఫేజు గొడవే లేదు. కరెంటు పోయినా రౌటరూ అడాప్టర్లూ అన్నీ ఇన్వర్టరు మీద నడుస్తాయి, మాట మధ్యలో తెగదు. పటసాలలో రౌటర్ ప్లగ్గు ఎలాగూ ఆ తీగ మీదే ఉంది. అమ్మ గదిలో ఫ్యాన్ బోర్డు నుంచి ఒక ప్లగ్గు తీయించాను. అరగంట పని. తెలిసినవాణ్ణే అయినా లైసెన్సున్న వైర్‌మ్యాన్‌ను పిలిచి, మెయిన్ ఆపి చేయించాను. మీరూ అట్లాగే చేయించండి. ఆ ప్లగ్గులో ఇస్త్రీ పెట్టె, హీటరు పెట్టకూడదని బోర్డు మీద కాగితం అంటించండి, ఇన్వర్టరు మోయలేదు.

అప్పుడు పచ్చ దీపం వెలిగింది. 26 మెగాబిట్లు.

సాయంత్రం చూస్తే 9. మళ్ళీ పొద్దున 26. ఇట్లా ఎందుకో కనిపెట్టడానికి రెండు రోజులు పట్టింది, నాకు మాత్రం పాత డ్యూటీ రోజులు వచ్చినట్టు ఉషారుగా ఉండింది. ఒక్కొక్క స్విచ్చీ ఆపుతూ వేగం రాసుకున్నాను. మిక్సీ తిరిగేటప్పుడు పడుతుంది, అది ఎంతసేపు తిరుగుతుంది, పోనీ. వెనక గదిలో పేరు లేని ఒక చవక ఎల్‌ఈడీ బల్బు వెలిగితే ఆరేడు మెగాబిట్లు పోతున్నాయి. అన్నిటికన్నా పెద్ద దొంగ, అడాప్టర్ పక్కనే ప్లగ్గులో మా తమ్ముడి కొడుకు సాయంత్రం పెట్టే ఫోను చార్జరు. అసలు చార్జరు కాదు, బస్‌స్టాండ్ కాడ కొన్నది. అడాప్టర్ వినవలసిన దారుల్లోనే అది గోల పెడుతుంది. బల్బు మార్చాం. చార్జరును స్పైక్ గార్డు ఉన్న ఎక్స్‌టెన్షన్ బాక్సులో వేరే చోట పెట్టించాను. స్పైక్ గార్డు లోపలి ఫిల్టరు ఆ గోలను తీగలోకి రానివ్వదు. ఆ కారణానికే అడాప్టర్‌ను మాత్రం ఎప్పుడూ స్పైక్ గార్డులో, స్టెబిలైజరులో పెట్టకూడదు. దాని సిగ్నల్‌నే గోల అనుకొని మింగేస్తుంది. నేరుగా గోడ ప్లగ్గులోనే పెట్టాలి. ఇప్పుడు 30 నుంచి 34 మధ్య నిలబడింది. కరెంటు పోయి వచ్చాక ఇన్వర్టరు బ్యాటరీ ఎక్కించుకునేటప్పుడు 20కి దిగుతుంది, దానితో ఇబ్బంది లేదు.

మా అమ్మ ఇదంతా చూస్తా, "అదే తీగలో కరెంటు పోతా ఉండాది, అదే తీగలో బిడ్డ మాట వస్తా ఉండాది అంటావు. రెండూ కలిసిపోవా?" అని అడిగింది. నేను 50 సార్లు, 20 లక్షల సార్లు అని మొదలుపెట్టాను. ఆమె ఆపి, "ఓహో, మనం బజార్లో అరవం మాట్లాడి ఇంటికొచ్చి తెలుగు మాట్లాడినట్టు" అంది. సబ్‌స్టేషన్‌లో నాకు ట్రైనింగ్ ఇచ్చిన ఇంజనీరు కూడా ఇంత తొందరగా చెప్పలేదు.

ఇక ఆ ఆదివారం. మన క్లాసు గురించి కొత్తవాళ్ళకు రెండు మాటలు చెప్పాలి. ఇక్కడ మా తరానికే బడిలో తెలుగు అక్షరం లేదు. నేను ఈ రాసే అక్షరాలు నలభై దాటాక పట్టుకున్నవి. మన పిల్లలు ఇంట్లో తెలుగు వింటారు, చదవలేరు. చెన్నై, కోయంబత్తూరు, బెంగళూరు పోయిన ఇళ్ళలో వినడం కూడా తగ్గిపోతా ఉంది. ఆదివారం గంటసేపు పెద్దవాళ్ళ చేత మాట్లాడించి పిల్లల చేత వినిపించడమే మన క్లాసు. మన కోవిల్‌పట్టి పక్క ఇడైసేవల్‌లో పుట్టిన కి. రాజనారాయణన్ గారు కరిసల్ సీమ తమిళ మాటలన్నీ ఏరి నిఘంటువు చేశారు. ఆయన ఇంటి భాష తెలుగే. ఇళ్ళ లోపలి మన తెలుగు మాటలు ఏరే పని మనది, మన అవ్వలూ జేజిలూ ఉండగానే చేయాల్సింది.

అమ్మ వంతు వచ్చిన రోజు ఫోనును ఆమె మంచం ఎదురుగా స్టూలు మీద నిలబెట్టాను. పదకొండు మంది పిల్లలు. ఒకడు ఉట్టి అంటే ఏమిటని అడిగాడు. అమ్మ మాటలతో చెప్పలేదు. తల ఎత్తి మిద్దె దూలానికి ఉన్న ఇనుప కొక్కెం చూపించింది. "అదిగో, ఆడ ఏలాడేది. పెరుగు కుండ, ఎన్న కుండ దానిలో పెడితే పిల్లి కందదు. మీ తాతకు మాత్రం అందేది" అంది. మీ తాత అంటే నేనే. పిల్లలు నవ్వారు. తర్వాత వాకర్ పట్టుకొని తనే లేచి దొడ్డి తలుపు దాకా నడిచి, గోడ పక్కన పడి ఉన్న తిరగలి చూపించింది, రోలు చూపించింది, చాట ఎట్లా పట్టుకొని చెరగాలో గాలిలోనే చేసి చూపించింది. గాదె ఉండిన చోటు చూపించింది. అక్కడ ఇప్పుడు గాదె లేదు, గచ్చు మీద గుండ్రటి మచ్చ మాత్రం ఉంది. నేను వెనక ఫోను పట్టుకొని నడిచాను. ఒక్కసారి కూడా బొమ్మ ఆగలేదు. మంచం పటసాలకు మార్చి ఉంటే ఆమె ఎదురుగా టీవీ, సోఫా, క్యాలెండరు ఉండేవి. ఉట్టి అంటే ఏమని చూపించేది?

అందుకే, ఇంట్లో ముసలివాళ్ళు ఉన్నవాళ్ళకు చెప్తున్నాను, సిగ్నల్ ఉన్న చోటికి వాళ్ళను జరపడం సులభంగా కనిపిస్తుంది. వాళ్ళ మాటలన్నీ వాళ్ళ చుట్టూ ఉన్న సామాన్లకు తగులుకొని ఉంటాయి, గది మారితే సగం మాటలు రావు.

కొనే ముందు ఇవి చూసుకోండి. ఇంటికి రెండు మీటర్లుంటే, ఒక మీటరు వైపు నుంచి ఇంకో వైపుకు ఇది నమ్మకంగా పనిచేయదు. పొలంలో మోటరు షెడ్డుకు పంపవచ్చా అని ఒక తమ్ముడు అడిగాడు. వ్యవసాయ సర్వీసు వేరు, కుదరదు. పాత చెక్క బద్దీల మీద వేసిన వైరింగు, వదులైన ప్లగ్గులు, మాడిన వాసన వచ్చే బోర్డు ఉంటే ముందు అవి మార్చండి. అది ఇంటర్నెట్టు కోసం కాదు, ఇల్లు కాలకుండా ఉండటానికి. అడాప్టర్ ఎప్పుడూ కొంచెం వెచ్చగా ఉంటుంది, దాని మీద గుడ్డ, పరుపు ఆనకుండా చూడండి. ఇప్పటికీ షార్ట్‌వేవ్ రేడియో వినేవాళ్ళు ఇంట్లో ఉంటే, పక్కన గరగర వస్తుంది, ఎందుకంటే రెండూ వాడేది ఒకే మేర. తిరునెల్వేలి మీడియం వేవ్ వినేవాళ్ళకు దిగులు లేదు, అది ఆ మేరకు కింద ఉంటుంది. కొత్త కాంక్రీటు ఇల్లు, రెండు మూడు గదులు అయితే ఇది మీకు అక్కర్లేదు, రౌటర్‌ను టీవీ వెనక నుంచి తీసి ఇంటి మధ్యలో ఎత్తుగా పెట్టి చూడండి, పైసా ఖర్చు లేదు.

ఏ కంపెనీది కొనాలని అడగకండి, నేను చెప్పను. వాపసు ఇవ్వగలిగే చోట కొనండి, అదొక్కటే. ఏ ఇంట్లో ఎంత వస్తుందో పెట్టి చూస్తేగాని నాకైనా, అమ్మేవాడికైనా తెలియదు.

అందుకనే పాత రకం జత ఒకటి చవకగా దొరికితే కొని సంఘం పేరున ఉంచాను. ఇళ్ళలో పెట్టి పరీక్ష చేసుకోవడానికే. వారం రోజులు ఉంచుకోవచ్చు. మీ గదిలో దాంతో 5 మెగాబిట్లు వస్తే కొత్త రకం ఇంకా బాగా వస్తుంది, ధైర్యంగా కొనుక్కోండి. ఏమీ రాకపోతే డబ్బులు మిగిలాయి. ప్రస్తుతం ఆ జత అరుప్పుకోట్టైలో ఒక అక్క ఇంట్లో ఉంది, శనివారం తిరిగి వస్తుంది. తర్వాత విరుదునగర్‌లో ఇద్దరు, తిరుచ్చుళిలో ఒకరు వరసలో ఉన్నారు. కావలసినవాళ్ళు కింద పేరు, ఊరు రాయండి, ఇంటికి ఎన్ని ఫేజులో, ఇన్వర్టరు ఉందో లేదో కూడా రాయండి. వెనక గదిలో అవ్వో తాతో ఉన్న ఇళ్ళకు ముందు ఇస్తాను, మిగిలినవాళ్ళు కోపం తెచ్చుకోకండి.